మైనస్ ఎనభై డిగ్రీల్లో అత్త

ఆ గదిలో ఉన్న మనుషులు: మా మేనత్త, నర్సు, నేను. ఉన్న వస్తువులు: వెనక్కి వాలే నీలం కుర్చీ, సెలైన్ స్టాండు, దానికి వేలాడే రెండు సంచులు, చుక్కల వేగం చూసుకునే పంపు, అత్త వేలికి క్లిప్పు, గోడకు ఆక్సిజన్ గొట్టం, మూత పెట్టిన ఎమర్జెన్సీ ట్రే. అత్త ఒళ్లో చేతిరుమాల్లో మూటగట్టిన కొబ్బరికాయ, అగరొత్తుల ప్యాకెట్టు. ఇంటికి పోతూ గుడి దగ్గర దిగుతానని ముందే చెప్పింది. కిటికీ అవతల, శంషాబాద్ వైపు, ఒక విమానం చక్రాలు దించుకుని వస్తోంది. శనివారం మధ్యాహ్నం.

మొదటి సంచిలో ఉప్పునీళ్లు. రెండో సంచిలో మందు. వెలుతురుకు పట్టి చూస్తే, బియ్యం రెండోసారి కడిగిన నీళ్లలా కొంచెం మసకగా ఉంటుంది. ఆ మసకతోనే నా ఉద్యోగం.

క్యాన్సర్‌కు వాడే కొన్ని పాత మందులు నీళ్లలో కరగవు. వాటిని పాలిమర్‌తో చేసిన కంటికి కనపడని గుళికల్లో పెట్టి నరంలోకి ఎక్కిస్తారు. అయితే రక్తంలో కాపలా ఉంటుంది. కొత్తది ఏది వచ్చినా పట్టి తినేసే కణాలుంటాయి. వాటి కళ్లు కప్పడానికి గుళిక చుట్టూ ఇంకో పాలిమర్‌ను, సన్నని దారాల్లా, నాటుతారు. ఆ దారాలు చుట్టూ నీటిని పట్టుకుని ఉంటాయి. కాపలా కణం వచ్చి చూస్తే అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేనట్టు ఉంటుంది. వెళ్లిపోతుంది. గుళిక గడ్డ దాకా చేరుతుంది.

చాలామందిలో ఇలాగే జరుగుతుంది. కొద్దిమందిలో జరగదు. ఆ దారాలు మందులకే పరిమితమైనవి కావు. ముఖానికి రాసుకునే క్రీముల్లో, మలబద్ధకానికి నీళ్లలో కలుపుకునే పొడుల్లో కూడా అదే పాలిమర్ ఉంటుంది. ఎక్కడ ఎప్పుడు పరిచయమవుతుందో తెలియదుగానీ, కొందరి రక్తం ఆ దారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ కనిపించినప్పుడు దాని మీద పడుతుంది. నిమిషాల్లో ముఖం ఎర్రబడుతుంది, నడుము పట్టేస్తుంది, రక్తపోటు పడిపోతుంది. మందుతో వచ్చే కాగితంలో ఇదంతా చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అందుకే ముందు రాత్రీ ఆ రోజు పొద్దునా వేసుకోమని మాత్రలు ఇస్తారు.

మా ల్యాబ్ చేసేది ఆ దారాల పని. అత్తకు ఎక్కిస్తున్న మందు మాది కాదు. కానీ దారం అదే.

మా అత్త ఎయిర్‌పోర్టు క్యాబులు ఆగే చోట టిఫిన్ బండి నడిపేది. డ్రైవర్లు ఆమె ఇడ్లీ కోసం వచ్చేవాళ్లో తిట్ల కోసం వచ్చేవాళ్లో చెప్పడం కష్టం. ప్లేటు నేల మీద పెట్టి పోయినవాణ్ని, ఫోన్లో భార్య మీద గొంతు పెంచినవాణ్ని, చట్నీ మూడోసారి అడిగినవాణ్ని తేడా లేకుండా తిట్టేది. "ఏందిరా, మీ అయ్య గీడ నీకు పనిమనిషిని పెట్టిపోయిండా? తియ్ ప్లేటు!" రొమ్ములో గడ్డ అని తేలి బండి మూసిన వారం, ఒక డ్రైవరు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అక్క ఎప్పుడొస్తది? ఎవ్వలు తిడ్తలేరు. పొద్దున్నే డ్యూటీ ఎక్కినట్టే లేదు."

ముందు వాడిన మందులకు గడ్డ లొంగలేదు. ఈ మసక మందు మొదటి డోసుకే మెత్తబడింది. ఎడమ చెయ్యి మళ్లీ తల దాకా లేచింది. ఒకరోజు నేను వెళ్లేసరికి అద్దం ముందు కూర్చుని తన జడ తనే వేసుకుంటోంది. అద్దంలోంచే నన్ను చూసి, "ఏం జూస్తున్నవ్ రా, సినిమానా?" అంది. ఆమె బతకడానికి దారి ఉందని నేను నమ్మిన రోజు అది.

ఆ శనివారం రెండో డోసు. నర్సు పంపు మీట నొక్కింది. మసక నీళ్లు గొట్టంలో దిగి చేతి మీది సూది దగ్గరకు చేరాయి. అత్త నర్సుతో మాట్లాడుతోంది. ఆ అమ్మాయికి ఇంకా పెళ్లెందుకు కాలేదో ఆరా తీస్తోంది. మాట మధ్యలో ఆగింది.

"అల్లుడా, నడుము."

"ఏమైందత్తా?"

"నడుము పట్టేసిందిరా. ఎవ్వలో ఎద మీద కూసున్నరు."

మెడ నుంచి నుదుటి దాకా ఎరుపు పాకింది. క్లిప్పు యంత్రం కూత మొదలుపెట్టింది. నర్సు అప్పటికే పంపు ఆపేసి ట్రే మూత తీసింది. "అక్కా, నా దిక్కు చూడు. నన్నే చూడు." ఆక్సిజన్, ఒక సూది, ఇంకో సూది. కొబ్బరికాయ ఒళ్లోంచి జారి కుర్చీ కిందికి దొర్లింది. నేను దాన్ని తీయడానికి వంగాను. ఎందుకు వంగానో ఇప్పటికీ తెలియదు. కింద నుంచి చూస్తే ఆమె పాదాలు కనిపించాయి. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. నేను లేచేలోపు అవి వదులయ్యాయి. ఆ లేచే లోపల నేను అనుకున్నది ఇక్కడ రాయను.

వదులవడం మందు సూదుల వల్లే. ఆమె ఊపిరి తిరిగింది.

డాక్టరు వచ్చి కుర్చీ పక్కన స్టూలు లాక్కున్నారు.

"రాత్రీ పొద్దునా మాత్రలు వేసుకున్నారా అమ్మా?"

అత్త పైకప్పు చూసింది.

"అమ్మా."

"రాత్రియి ఏసుకున్న."

"పొద్దునవి?"

"పొద్దున శనివారం గద సారూ."

"శనివారమైతే?"

"ఒక్కపొద్దు. దీపం పెట్టేదాంక ఏం ముట్ట. మీరేమో తిన్నంకనే ఏసుకోవాలె అని రాసిచ్చిండ్రు. తిననే లేదు. ఇగ ఎట్ల ఏసుకోవాలె?"

డాక్టరు నా వైపు చూశారు. చీటీలో రాసింది ఆమె అక్షరం తప్పకుండా పాటించింది. మొదటి డోసు గురువారం పడింది. రెండోది సెలవు వల్ల శనివారానికి జరిగింది. జరిపినవాళ్లకు ఒక్కపొద్దు గుర్తులేదు. ఆమెకు అది తప్ప ఏదీ గుర్తులేదు.

నడవాలో డాక్టరు విడమరచి చెప్పారు. రెండు కారణాలు ఉండొచ్చు. పొద్దుటి మాత్రలు పడకపోవడం ఒకటి. అదే అయితే మాత్రలు సరిగా ఇచ్చి, చుక్కల వేగం బాగా తగ్గించి, మూడో డోసు జాగ్రత్తగా ప్రయత్నించవచ్చు. ఆమె రక్తం ఆ దారాన్ని గుర్తుపెట్టుకోవడం రెండోది. అదే అయితే మళ్లీ ఎక్కించడానికి తాను ఒప్పుకోరు.

"ఇదే మందు పాత పద్ధతిలో దొరుకుతుంది కదా సార్," అన్నాను.

"దాన్ని ఏ నూనెలో కరిగిస్తారో మీకు తెలుసు."

తెలుసు. ఆ నూనెకు కూడా ఇవే దారాలు కట్టి ఉంటాయి.

"మిగిలినవి దీనంత పనిచేయవు. మీ ల్యాబుకు మా ఆసుపత్రితో ఒప్పందం ఉంది కదా. ఆమె ఒప్పుకుంటే రక్తం పంపుదాం. ఆ పరీక్ష ఒక్కటే నిర్ణయించదు. నాకు ఒక ఆధారం అవుతుంది, అంతే."

అత్త ఒప్పుకోవడానికి ముందు ప్రశ్నలు వేసింది.

"నా నెత్తుర్ల ఏం జూస్తర్రా?"

"గా దారాన్ని గుర్తువట్టేటివి ఉన్నయా లేవా అని."

"గుర్తువడితే?"

"మందు రాంగనే దాని మీదికి పోతయ్. లొల్లి జేస్తయ్."

"అంటే తిడ్తయ్."

"గట్లనే అనుకో."

ఆమె నవ్వింది. మాస్కు మీద ఆవిరి పట్టింది. "నా నెత్తురు గాకపోతే ఎవలది మరి. పరీక్షకు పోను మిగిలింది ఏం జేస్తరు?"

"చిన్న చిన్న ట్యూబులల్ల పోసి ఫ్రీజర్ల పెడ్తం. మైనస్ ఎనభై డిగ్రీలల్ల. ఏండ్లు ఉంటది."

"నేను పోయినంక గూడనా?"

నేను సంతకం పెట్టాల్సిన కాగితం మడత సరిచేశాను.

"జెప్పురా."

"అవ్ అత్తా."

"మంచిగున్నది. మిమ్ముల తిట్టెటోళ్లు ఒకలుండాలె." కాగితం మీద సంతకం పెట్టింది.

మా ల్యాబ్ గోదాముల వెనక, రన్‌వేకు దగ్గరలో ఉంటుంది. పెద్ద కార్గో విమానం లేచినప్పుడు త్రాసు మీది అంకెలు నిలబడవు. అందుకని విమానం చప్పుడు మొదలవగానే తూకం వేస్తున్నవాళ్లం చేతులు వెనక్కి తీసుకుని, అది పోయేదాకా కదలకుండా నిలబడతాం. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు అది చూసి, ఎవరైనా పోయారేమో, మౌనం పాటిస్తున్నామేమో అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా ల్యాబ్ నడిపే మేడమ్ ఆ రక్తపరీక్ష తనే చేస్తానన్నారు. ఆమెది గుంటూరు వైపు. బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. నియమం తప్పరు. "నీ మనిషి రక్తం అబ్బాయ్. నువ్వు ఇవాళ ఈ బెంచీ దగ్గరకు రావద్దు." ట్యూబు మీద పేరు లేదు. పీ-త్రీ అని ఉంది. పేషెంట్ మూడు.

పరీక్ష చూడ్డానికి తేలికైనది. అరచేయంత ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా చిన్న గుంటలు. గుంటల అడుగున ఆ దారాన్ని అంటిస్తాం. పైన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపు నీళ్లు, పోస్తాం. ముప్పై ఏడు డిగ్రీల్లో పెడతాం. సీరంలో దారాన్ని గుర్తుపట్టేవి, అంటే యాంటీబాడీలు, ఉంటే వచ్చి పట్టుకుంటాయి. లేకపోతే కడిగినప్పుడు సీరమంతా పోతుంది. చివర్లో వేసే రసాయనానికి, పట్టుకుని ఉన్నచోట పసుపు రంగు వస్తుంది. లేనిచోట నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

మేడమ్ ప్లేటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. అత్త వరుసలో నీళ్లు.

"ఏమీ లేదు," అన్నారు. ముఖంలో సంతోషం దాచుకోలేకపోయారు. "తప్పక రంగు రావాలని పోల్చడానికి వేసిన యాంటీబాడీ కూడా మందకొడిగానే వచ్చిందిలే. పాత సీసా, పదిసార్లు కరిగించాం, బలం తగ్గింది. డాక్టరుగారికి సాయంత్రం పంపిస్తాను."

ఏమీ లేదంటే మాత్రల తప్పే. మాత్రల తప్పయితే మూడో డోసు. జడ తనే వేసుకుంటుంది. బండి మళ్లీ పెడుతుంది. నేను ఫోన్ తీశాను. అప్పుడే ఆకలి గుర్తొచ్చింది. చేతులు కడుక్కుందామని సింకు దగ్గరకు వెళ్లాను.

సింకులో నురగ ఉంది.

ప్లేటు కడిగి పారబోసిన నీళ్లు పోతూ వదిలిన నురగ. మామూలు పరీక్షలకు ప్లేటు కడిగే నీళ్లలో కొంచెం సబ్బు రసాయనం కలుపుతాం. అది నురగ కడుతుంది. కానీ ఈ ఒక్క పరీక్షకు కలపకూడదు. ఆ సబ్బు అణువుకు తోకలా వేలాడేది అదే దారం. దాన్ని కలిపితే సీరంలో గుర్తుపట్టేవన్నీ సబ్బునే పట్టుకుని, దానితో పాటే కొట్టుకుపోతాయి. గుంటలో ఏమీ మిగలదు. ఏమీ లేదని అనిపిస్తుంది. బెంచీ మీద రెండు సీసాలు ఒకే రంగు మూతలతో, చీట్లు గోడ వైపు తిరిగి ఉన్నాయి. ఇంకో పరీక్ష కోసం ఎవరో కలిపి పెట్టిన సీసా మేడమ్ చేతికి వచ్చింది.

నురగ బుడగలు ఒక్కొక్కటే పేలుతున్నాయి. కుళాయి తిప్పితే పోతుంది. ప్లేటు శుభ్రంగా ఉందన్న మాట ఉంటుంది. మూడో డోసు ఉంటుంది. ఆమె వేళ్లు మళ్లీ ముడుచుకునే గది కూడా ఉంటుంది. ఈసారి వదులవుతాయో లేదో.

ఆ సమయంలో ఒక కార్గో విమానం లేచింది. గాజు సామానంతా సన్నగా మోగింది. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అది పోయాక వెళ్లి మేడమ్‌ను పిలిచాను.

ఆమె సింకు చూశారు, సీసా తిప్పి చీటీ చూశారు. గ్లవ్స్ మార్చుకుని కొత్త ప్లేటు తీశారు.

రెండో ప్లేటులో అత్త వరుస పసుపు. సీరంలో నీళ్లు కలిపి పలచన చేసిన గుంటల్లోనూ పసుపే. ఇంకా పలచన చేసినా పసుపే. పక్క వరుసల్లో మిగతా అందరూ నీళ్లు. అంత రంగు అంతకుముందు మా ల్యాబ్‌లో ఎవరి రక్తమూ చూపించలేదు. మేడమ్ ప్లేటు బల్ల మీద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు.

ఆ సంగతి అత్తకు నేనే చెప్పాను. శంషాబాద్‌లో ఆమె ఇంటి ముందు, ప్లాస్టిక్ కవరు కప్పిన బండి పక్కన, ఆమె చిక్కుళ్లు ఒలుస్తోంది.

"మూడో సూది లేదు అత్తా."

"మాత్రలు ఏసుకుంట అని జెప్పినవా సారుకు? ఒక్కపొద్దు ఇడిషిపెడ్త. దేవుడేం అనుకోడు."

"మాత్రలది గాదు. నీ నెత్తురు దాన్ని గుర్తువట్టింది."

ఆమె చేతిలోని కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసింది. "బాగ తిట్టిందా?"

"బాగ."

"దాన్ని ఏమనకురా. నన్ను కాపాడుతున్న అనుకుంటున్నది గది. దానికేమెరుక." ఇంకో కాయ తీసుకుంది. అదీ ఒలిచాక, "జడ ఏసుకునుడు మంచిగ అలవాటైతుండె," అంది.

వేరే మందు మొదలైంది. గడ్డ దానికి లొంగలేదు. ఆ వానాకాలం దాటలేదు ఆమె. పార్కింగు దగ్గర బండి నిలిపే చోటును డ్రైవర్లు చాలా రోజులు ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదని విన్నాను. బండి ఉన్నచోట ఇప్పుడు ఒక జ్యూస్ స్టాల్ ఉంది.

ఇక మిగిలింది ట్యూబుల సంగతి.

పోల్చడానికి వాడే పాత యాంటీబాడీ పనికిరాదని ఆ నురగ రోజే తేలింది. పరీక్ష సరిగా నడిచిందని చెప్పడానికి, తప్పకుండా రంగు చూపించే మనిషి సీరం ఒకటి ప్రతి ప్లేటులోనూ ఉండాలి. మా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. మేడమ్ నన్ను పక్కకు పిలిచి అడిగారు. "నువ్వు వద్దంటే ఇంకెక్కడైనా వెతుకుదాం అబ్బాయ్." ఆమె సంతకం ఉంది, ఆమె మాట కూడా ఉంది. వద్దనడానికి నేనెవర్ని?

అప్పటి నుంచి మేం తయారుచేసే ప్రతి కొత్త దారాన్నీ ముందు అత్తకు చూపిస్తున్నాం. ఫ్రీజర్ తలుపు తీస్తే తెల్లటి ఆవిరి ముఖానికి కొడుతుంది. డబ్బాలోంచి ట్యూబు తీసి ఐస్ మీద పెడతాను. తొందరపడి చేత్తో వెచ్చబెట్టకూడదు, అందులోని ప్రోటీన్లు పాడవుతాయి. కాబట్టి ఆమెను అరచేతిలో పట్టుకోలేను. ఐస్ మీద తనంతట తను కరుగుతుంది. తర్వాత ప్లేటును ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెడతాను. మనిషి ఒంటి వేడి అది. ఆ పెట్టె తలుపు మూసినప్పుడల్లా, లోపల ఎవరినో కూర్చోబెట్టి వచ్చినట్టు వెనక్కి తిరిగి చూస్తాను. ఈ అలవాటు పోవడం లేదు.

చివరి రసాయనం వేయగానే పాత దారం వరుసలో పసుపు వస్తుంది. ప్రతిసారీ. ఆమె లేదు. ఆమె కోపం ఉంది. దేని మీద కోపమో కూడా మర్చిపోలేదు. ఒకసారి కొత్తగా చేరిన కుర్రవాడు ప్లేటు చూసి అన్నాడు. "ఈ పీ-త్రీ ఎవలోగని మస్తు గరం అన్నా. ఎంత పలచగ జేసినా తగ్గుతలేదు." తగ్గదని చెప్పాను.

చాలా దారాలు ఆమె దగ్గర ఓడిపోయాయి. పొడవు తగ్గించి చూశాం, దూరంగా నాటి చూశాం, కొనలు మార్చి చూశాం. అన్నిటినీ గుర్తుపట్టింది. చివరికి గొలుసునే మార్చాం. నీటిని అలాగే పట్టుకుంటుంది గానీ అణువుల అల్లిక వేరు. పోయిన నెల దాన్ని ఆమెకు చూపించాను.

పాత దారం వరుస పసుపు. కొత్త దారం వరుస నీళ్లు.

ముందు సింకు దగ్గరకు వెళ్లి చూశాను. నురగ లేదు. సీసా చీటీ చూశాను. మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మేడమ్ కళ్లద్దాలు పైకెత్తి ప్లేటు మీదికి వంగారు. "ఊరుకుంది," అన్నారు మెల్లగా. ఇది మొదటి మెట్టు మాత్రమే. జంతువుల్లో చూడాలి, ఆ తర్వాత మనుషుల్లో. ఇంకెవరి రక్తమో దీన్ని కూడా గుర్తుపెట్టుకోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా మేం ఇన్నాళ్లు పనిచేసింది ఆ వరుస అలా ఉండడం కోసమే.

మేడమ్ వెళ్లాక కూడా ప్లేటు ముందు కూర్చున్నాను. రంగు రావలసిన సమయం దాటిపోయింది. ఆ నీళ్ల గుంటల్లో ఎక్కడైనా, ఒక మూలనైనా, పసుపు తిరుగుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. "ఏం జూస్తున్నవ్ రా" అని ఎవరూ అనలేదు. బయట విమానం లేచింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ప్రతి ప్లేటుకు ఒక ట్యూబు ఖర్చవుతుంది. వాడిన దాన్ని తిరిగి గడ్డకట్టించకూడదు. ఫ్రీజర్‌లో ఇంకా తొమ్మిది ఉన్నాయి.